ఎన్నిసార్లని అడక్కండి

స్టోమా మూసిన తర్వాత రౌండ్స్‌కి వచ్చే డాక్టరు, ఊరి నుంచి ఫోన్ చేసే పిన్ని, పక్క మంచం మీది మనిషి అందరూ అడిగేది ఒక్కటే: ఇవాళ ఎన్నిసార్లు వెళ్ళారు? అడిగేవాళ్ళ మంచితనం మీద నాకు అనుమానం లేదు, ప్రశ్న మీదే అభ్యంతరం. మలాశయ క్యాన్సర్ వస్తే చెడిన భాగం తీసేసి, పైనున్న పెద్దపేగును కిందికి లాగి మలద్వారం దగ్గర అతుకుతారు. ఆ అతుకు మానేదాకా మలం అటు పోకుండా చాలామందికి చిన్నపేగు చుట్టొకటి పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలిస్తారు, అదే స్టోమా. రెండు మూడు నెలలకో, కీమో ఉంటే ఇంకా ఆలస్యంగానో దాన్ని మూసేస్తారు. సంచి పోయిన రోజుతో కథ కంచికి వెళ్ళిందనుకుంటారు ఇంటిల్లిపాదీ. చాలామందికి అసలు అవస్థ ఆ వారమే మొదలవుతుంది. ఉన్నట్టుండి పరుగు, వెళ్ళొచ్చి చేతులు కడుక్కునేలోగా మళ్ళీ పిలుపు, వచ్చేది గాలో మరొకటో తెలియని బెరుకు. దీన్ని వేళ్ళ మీద లెక్కపెట్టి అర్థం చేసుకోవాలనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోందని నా వాదన. రోగీ డాక్టరూ కలిసి దారికి తేవలసింది వేళల్ని. సంఖ్య వాటి వెనకే తగ్గుతుంది, తగ్గకపోయినా పెద్ద నష్టం లేదు.

మలాశయం అన్న మాటలోనే విషయమంతా ఉంది. జలాశయం, మూత్రాశయం లాగే అదీ నిలవ ఉంచే చోటు. పన్నెండు పదిహేను సెంటీమీటర్ల పొడవుండే ఆ భాగం నిండేకొద్దీ సాగుతుంది, లోపలి ఒత్తిడిని పెరగనివ్వదు. దిగివచ్చింది గాలా, నీళ్ళా, గట్టిదా అని దాని కిందనున్న మలద్వారపు లోపొర తడిమి చూసి మెదడుకు కబురంపుతుంది. మలద్వారం చుట్టూ రెండు కండర వలయాలుంటాయి. లోపలిది మన ప్రమేయం లేకుండా రేయింబవళ్ళు బిగుసుకుని ఉంటుంది, బయటిది మనం బిగిస్తే బిగుస్తుంది. ఆపరేషన్‌తో జలాశయం పోయి కాలువ నేరుగా తూము దాకా వచ్చింది. కిందికి లాగిన పేగుకు సాగే గుణం తక్కువ, నరాల పొత్తు కొంత తెగింది. రేడియేషన్ కూడా ఇచ్చి ఉంటే అక్కడి కండ మచ్చకట్టి ఇంకా బిరుసెక్కుతుంది. అన్నం తినగానే పెద్దపేగు కదలడం అందరిలోనూ ఉన్నదే. మధ్యలో ఆగే చోటు లేని మనిషిలో అదే కదలిక గుమ్మం దాకా వచ్చేస్తుంది. రెండో ముద్దకే కంచం వదిలి లేచేవాణ్ణి చూసి ‘అంతా మనసులో భయమే’ అనేవాళ్ళు ఈ నిర్మాణాన్ని ఒక్కసారి ఊహించుకోవాలి. కొందరు సర్జన్లు పేగు కొసను ‘జె’ అక్షరంలా మడిచి చిన్న తిత్తి కుట్టేది ఈ లోటు తీర్చడానికే. మొదటి ఏడాదిలో దాని మేలు కనిపిస్తుంది, తర్వాత తేడా తగ్గిపోతుంది.

ఈ అవస్థను కొలిచే పద్ధతిని 2012లో డెన్మార్క్ పరిశోధకులు ఎమర్ట్‌సెన్, లౌర్బర్గ్ ప్రకటించారు. లార్స్ స్కోరు అంటారు. అయిదే ప్రశ్నలు, మొత్తం 42 మార్కులు, 30 లేదా అంతకు మించితే తీవ్రమైన ఇబ్బంది అని లెక్క. ఏ లక్షణం రోగి బతుకును ఎంత పాడుచేస్తోందో చూసి దానికి తగ్గ బరువు కట్టారు కాబట్టి ఆ మార్కులు శ్రద్ధగా చదవదగినవి. నీళ్ళలా జారిపోవడానికి అత్యధికంగా 3 మార్కులే ఉన్నాయి. సిగ్గుతో ఎవరూ నోరెత్తని గ్యాస్‌కు 7 ఉన్నాయి. వెళ్ళివచ్చిన గంటలోపే మళ్ళీ వెళ్ళాల్సి రావడానికి 11, ఉన్నపళంగా పరుగెత్తాల్సి రావడానికి 16. మరి ‘ఎన్నిసార్లు’ అన్నదానికో? రోజుకు ఏడుసార్లు మించితే 4, రోజుకు ఒక్కసారైనా రాకపోతే 5! అంటే అందరూ అడిగే సంఖ్య మొత్తం కష్టంలో చిన్న ముక్క, పైగా మరీ తక్కువసార్లు కావడం మరీ ఎక్కువసార్లు కావడం కన్నా ఒక మార్కు బరువు. 2014లో ఇదే బృందం ఈ క్యాన్సర్‌కి వైద్యం చేసే నిపుణుల అంచనాలను రోగుల జవాబులతో పోల్చి చూసింది. నిపుణులు నీళ్ళలా జారిపోవడాన్ని, సంఖ్యను ఉన్నదానికన్నా పెద్దవి చేసి చూశారు. పరుగును, వెంటవెంటనే వెళ్ళాల్సి రావడాన్ని తక్కువ అంచనా వేశారు. తెల్లకోటు వేసుకున్నవాళ్ళే పొరపాటు పడినప్పుడు పిన్నిని ఏమనగలం?

తప్పు ప్రశ్న తప్పు వైద్యాన్ని పుట్టిస్తుంది. సంఖ్య తగ్గడమే గెలుపు అనుకున్న మనిషి మొదట చేసేది తిండి మానెయ్యడం. పెళ్ళికి వెళ్ళాలంటే ముందురోజు నుంచీ పస్తు, బస్సెక్కాలంటే నీళ్ళు కూడా ముట్టడు. తినకపోతే రాదు కదా అని ఎవరైనా అనవచ్చు, ఒక పూటకు అది నిజం కూడా. అయితే ఖాళీ పేగులో గ్యాస్ చేరుతుంది, మనిషి నీరసిస్తాడు, రాత్రి కట్టడి తెగి ఒక్కసారిగా తింటే ఆ తర్వాతి రెండు గంటలూ బాత్రూంలోనే గడుస్తాయి. లోపెరమైడ్ మాత్ర కథా ఇంతే. అది పేగు నడకను నెమ్మదింపజేస్తుంది, లోపలి వలయాన్ని కాస్త బిగిస్తుంది, అందుకే డాక్టరు చెప్పిన మోతాదులో భోజనానికి అరగంట ముందు వేసుకుంటే మంచి ఆసరా. సంఖ్యను సున్నా చేద్దామని మింగితే రెండు రోజులు బిగదీసి మూడో రోజు వరసగా పదిసార్లు తిప్పుతుంది. మన ఇళ్ళలో విరేచనం కావడానికి వాడే ఇసబ్‌గోల్‌నే ఇక్కడ మలం చిక్కబడటానికి ఇస్తారంటే చాలామంది నమ్మరు. నీటిని పీల్చుకుని ముద్దకట్టడం దాని గుణం. పలచని మలాన్ని గట్టిపరచి ఒక్క విడతలో బయటికి పంపిస్తుంది. ఎంత నీళ్ళతో, భోజనానికి ఏ వైపు అన్నది మారితే ఫలితమూ తారుమారవుతుంది కనుక పొట్లం మీద ఉన్నది చదివి కాక, వైద్యుణ్ణి అడిగి తీసుకోవాలి. వీటన్నిటికీ పునాది పైసా ఖర్చులేని పని ఒకటుంది: రెండు వారాలపాటు తిన్న వేళ, తిన్నది, వెళ్ళిన వేళ నోటుబుక్కులో రాసుకోవడం. పచ్చిమిరపకాయ బజ్జీ ఎవరికి పడదో, పాలు ఎవరికి పడవో అచ్చువేసిన ఆహార పట్టికలకు తెలియదు, ఆ పుస్తకానికి తెలుస్తుంది.

వేళల్ని లొంగదీయడమే అసలు పని అనడానికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం నీటితో పేగు కడిగే పద్ధతి. మలద్వారం గుండా మెత్తని గొట్టంతో గోరువెచ్చని నీరు ఎక్కించి, రోజుకో రెండు రోజులకో ఒకసారి పేగు కింది భాగాన్ని పూర్తిగా ఖాళీ చేస్తారు. నరాలు తిరిగి రావు, తిత్తి పెరగదు, కండరానికి కొత్త బలమేమీ రాదు. అయినా మందులతో సర్దుకోనివాళ్ళలో చాలామందికి మిగతా రోజంతా తమ చేతుల్లోకి వస్తుంది, ఎందుకంటే ఎప్పుడు అవుతుందో ముందే తెలుసు. ప్రకృతి వైద్యం పుణ్యమా అని మనకు ఎనిమా డబ్బా కొత్త కాదు, కానీ అటక మీది డబ్బా దించి ఈ పని మొదలుపెట్టకూడదు. లోపల అతుకు ఉంది. అది పూర్తిగా మానిందని సర్జన్ చెప్పాక, నేర్పే నర్సు ఎదుట నేర్చుకోవాలి. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాల విషయంలో మాత్రం నేను అతిగా చెప్పను. నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్షలో అవి అందరికీ మేలు చేసినట్టు తేలలేదు, ఆపుకోలేని బాధ ఎక్కువగా ఉన్నవాళ్ళలో తేడా కనిపించింది. నా మటుకు నాకు వాటి విలువ పరుగు వచ్చినప్పుడు లేవకుండా కూర్చుని, బిగించి, ఊపిరి పీల్చి, ఆ కెరటం తగ్గేదాకా ఆగడం నేర్చుకోవడంలో ఉంది. మొదట అర నిమిషం ఆగినా చాలు. చర్మం సంగతికొస్తే నీళ్ళతో కడుక్కునే అలవాటు మన అదృష్టం. కాగితంతో రుద్దడం కన్నా అది ఎంతో నయం. మెత్తని గుడ్డతో అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాసుకుంటే మంట అదుపులో ఉంటుంది.

కాలమే సర్దుతుంది, ఈ హడావిడంతా ఎందుకని పెద్దలంటారు. సగం నిజం. మొదటి ఏడాదిలో, కొందరికి రెండో ఏడాదిలో కూడా మెరుగు కనిపిస్తుంది, ఆ తర్వాత చాలామందికి ఆగిపోతుంది. డచ్ పరిశోధకులు ఆపరేషన్ అయిన పద్నాలుగేళ్ళకు రోగుల్ని పలకరిస్తే రేడియేషన్ కూడా తీసుకున్నవాళ్ళలో 56 శాతం, ఆపరేషన్ ఒక్కటే అయినవాళ్ళలో 35 శాతం ఇంకా తీవ్రమైన ఇబ్బందితోనే ఉన్నారు. కాలం మీదే భారం వేసినందుకు పద్నాలుగేళ్ళు చిన్న మూల్యం కాదు. ఇంకో అభ్యంతరం డాక్టర్ల నుంచి వస్తుంది: ఇవన్నీ ముందే చెబితే భయపడి ఆపరేషనే వద్దంటారని. క్యాన్సర్ మాటనే మోసిన మనిషి బాత్రూం మాట మోయలేడా? చెప్పకపోతే జరిగేది వేరు. సంచి తీసిన మూడో రోజున తన ఆపరేషన్ చెడిందనో, జబ్బు తిరగబెట్టిందనో ఆ మనిషి లోలోపల కుమిలిపోతాడు, ఇంట్లోవాళ్ళకు మాత్రం కడుపు బాగోలేదని చెప్పి సరిపెడతాడు. అన్ని ప్రయత్నాలూ చేశాక కూడా పగలు తమది కాని కొద్దిమంది మళ్ళీ శాశ్వత స్టోమా కోరుకుంటారు. దాన్ని ఓటమిగా చూసే చుట్టాల మాట పక్కన పెట్టాలి. సంచి నిండే తీరు తెలుసు, ఖాళీ చేసే వేళ తన చేతిలో ఉంటుంది, ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చోగలడు. ఆ ఎంపిక నాకు పూర్తిగా సబబనే తోస్తుంది.

స్టోమా మూసే తేదీ ఖాయం చేసుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు సర్జన్‌ని ఇంకో మాట కూడా అడగండి: మూసిన మర్నాటి నుంచి మాకు నేర్పేవాళ్ళెవరు, వాళ్ళను ఏ రోజు కలవాలి? జవాబు కాగితం మీద రాయించుకుని రండి.