చెలమ తీసే చెయ్యి

వెంకటాచలం నుంచి హైవే మీద ఉత్తరంగా పోతే నెల్లూరు దాటగానే పెన్న వంతెన వస్తుంది. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి, అనంతపురం, కడప మెట్టల మీదుగా 597 కిలోమీటర్లు నడిచొచ్చే ఈ పినాకిని ఏడాదిలో చాలా నెలలు ఇసుక కప్పుకుని పడుకుంటుంది. అదే ఏరు 2021 నవంబరులో లేచి పడుగుపాడు దగ్గర రైలు కట్టనే కోసేసింది. ఇంత మొండి ఏటితో సావాసం చేయడం ఒక విద్య. ఇసుకలో గుంట తవ్వి నీరు ఊరించే చెలమ తీయడం అందులో మొదటి పాఠం.

చెలమ తీసే అవ్వ ఎక్కడ పడితే అక్కడ తవ్వదు. ఎండెక్కినా తడారని చోటు, తుంగ పచ్చగా నిలిచిన చోటు చూసి కూర్చుంటుంది. అంచులు కూలకుండా గుంటను వెడల్పుగా, వాలుగా తీస్తుంది. మొదట ఊరిన నీళ్లు బురద, తోడి పారబోస్తుంది. రెండోసారీ అంతే. మూడోసారికి అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టొచ్చు. అప్పుడు కొబ్బరి చిప్పతో పైపైన ముంచి, బిందె మూతికి కట్టిన పాత చీర పేలిక మీద పోస్తుంది. తొందరపడితే బురద, ఓపిక పడితే తేట.

పై ఇసుక ఎండను ఆపుతుంది, లోపలి ఇసుక నీటిని వడకడుతుంది. కెన్యాలోని కిటుయిలో వాగులకు అడ్డుగోడలు కట్టి ఇసుకలో నీరు దాచేదీ ఈ కిటుకుతోనే. ఇక్కడ పెన్న మీద 2022లో సంగం, నెల్లూరు బ్యారేజీలు వచ్చాయి. బిందెలు కుళాయి కిందికి చేరాయి. అయినా అవ్వ చేతికి తెలిసిన సంగతి పాతబడలేదు: ఏటికి ఇసుకే కుండ. కుండనే లారీకెత్తితే నీళ్లెక్కడ నిలుస్తాయి?