ఒలింపియా పట్టికను శంకించిన ఆటగాడు

ప్రాచీన గ్రీకు చరిత్రలో క్రీ.పూ. 776కు ఒక విశిష్ట స్థానముంది. తొలి ఒలింపిక్ పోటీలు ఆ సంవత్సరమే జరిగాయని ప్రతీతి. గ్రీకుల కాలగణనకు అదే మూలబిందువు. పాఠ్యపుస్తకాల్లో నిర్వివాదాంశంగా కనిపించే ఈ సంవత్సరాన్ని 1881లోనే ఒక పరిశోధన వ్యాసంలో నిలదీసినవాడు జాన్ పెంట్‌లండ్ మహాఫీ (1839-1919). ఆయన డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో ప్రాచీన చరిత్ర ఆచార్యుడు. విద్యార్థిదశలో ఆ కళాశాల క్రికెట్ జట్టు నాయకుడు. తుపాకి గురిపోటీల్లో ఐర్లండ్ పక్షాన పాల్గొన్నవాడు.

ఒలింపియా విజేతల పట్టికను తొలుత కూర్చినవాడు ఎలిస్ నగర పండితుడు హిప్పియాస్. క్రీడల నిర్వహణ కూడా ఆ నగరానిదే. అతడా పట్టిక వెలువరించింది క్రీ.పూ. 400 ప్రాంతంలో; అంటే తొలి పోటీలుగా చెప్పేవాటికి దాదాపు 375 ఏళ్ల తరవాత. హిప్పియాస్‌కు నమ్మదగిన ఆధారమేదీ లేదని ప్లూటార్క్ ఒకచోట యథాలాపంగా అన్నాడు. పండితులు దాటవేస్తూ వచ్చిన ఆ మాటను పట్టుకొని, పట్టికలోని తొలి పేర్లు సమకాలీన లిఖితాల నుంచి వచ్చినవి కావని మహాఫీ వాదించాడు. దస్త్రాలతో నిత్యం పని ఉన్నవారికి ఈ వాదం ఇట్టే బోధపడుతుంది. వందల ఏళ్లపాటు ఒక్క ఖాళీ కూడా లేకుండా సాగిన రిజిస్టరును చూస్తే మెచ్చుకోవడం కన్నా ముందు అనుమానించడం మేలు. 2007లో ఈ పట్టికలపై సమగ్ర గ్రంథం వెలువరించిన పాల్ క్రిస్టెసెన్ కూడా 776ను విశ్వసనీయమైన తేదీగా అంగీకరించలేదు.

ఇటువంటి సంశయానికి మైదానం తెలిసి ఉండడం కొంత తోడ్పడి ఉంటుందని నా అభిప్రాయం. ఫాయ్‌లోస్ అనే గ్రీకు వీరుడు 55 అడుగులు దూకాడని ఒక ఐతిహ్యం. 1991లో టోక్యోలో మైక్ పావెల్ నెలకొల్పిన ప్రపంచ రికార్డు 8.95 మీటర్లు, అంటే 30 అడుగులకు లోపే. గ్రంథాలు మాత్రమే చదివినవాడు ఈ 55 అడుగులకు వ్యాఖ్యానం రాస్తాడు. ఒక్కసారైనా ఇసుక గుంటలో దూకినవాడు ముందుగా నవ్వుకుంటాడు.

మహాఫీ చేసిన సేవల్లో నాకు మిక్కిలి విలువైనదిగా తోచేది మరొకటి. ఈజిప్టులోని గురోబ్‌లో పురావస్తువేత్త ఫ్లిండర్స్ పెట్రీకి దొరికిన మమ్మీల తొడుగులు చిత్తుకాగితాల్లా పారేసిన పాపిరస్ పత్రాలతో చేసినవి. వాటిని విడదీయగా ప్లేటో సంవాద భాగాలతో పాటు సైనికుల వీలునామాలు, పన్ను లెక్కలు, గ్రామీణుల అర్జీలు బయటపడ్డాయి. 1891 నుంచి మహాఫీ వాటిని పరిష్కరించి ప్రకటించాడు. 1895లో టాలెమీ రాజుల పాలనపై ఒక గ్రంథం రాశాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా చెక్కించిన అశోకుని పదమూడవ శిలాశాసనం 'తురమాయ' అని పేర్కొన్నది ఆ వంశంలోని రెండవ టాలెమీనే. మనకు శిలపై పేరుగా మాత్రమే మిగిలిన ఆ రాజు రాజ్యంలో సామాన్యుడు అధికారికి ఏమని మొరపెట్టుకున్నాడో ఆ చిత్తుకాగితాలు చెబుతున్నాయి.

అయితే ఇంతటి సంశయవాది తన వర్గం నమ్మకాల దగ్గరికి వచ్చేసరికి ప్రశ్నించడం మానుకున్నాడు. గ్రీకు క్రీడాకారులు ప్రతిఫలం ఆశించని పెద్దమనుషులన్న భావన పందొమ్మిదో శతాబ్ది కులీనుల కల్పన అని 1984లో అమెరికన్ పండితుడు డేవిడ్ యంగ్ నిరూపించాడు. ఆ కల్పనకు ఊపిరి పోసినవారిలో మహాఫీ కూడా ఉన్నాడు. ఏథెన్స్ పోటీల్లో గెలిచినవారికి జాడీల కొద్దీ ఆలివ్ నూనె ముట్టేదన్న సంగతి ఆయన ఎరగనిది కాదు. 1874లో ప్రకటించిన గ్రీకుల సాంఘిక జీవనం గ్రంథంలో పురుషుల మధ్య ప్రేమను ధైర్యంగా చర్చించి, మలి ముద్రణలో ఆ భాగాన్ని తొలగించాడు.

తొలి ముద్రణ పీఠికలో ఆయన కృతజ్ఞతలు చెప్పుకున్న శిష్యుడు ఆస్కార్ వైల్డ్. 1877లో గురువు వెంట గ్రీసు చూసివచ్చిన ఆ శిష్యుడే, 1887లో మహాఫీ కొత్త గ్రంథాన్ని ఒక పత్రికలో సమీక్షిస్తూ, గ్రీకు చరిత్ర పేరిట ఐర్లండ్ స్వపరిపాలనపై గురువు తన వ్యతిరేకతను వెళ్లగక్కుతున్నాడని దుయ్యబట్టాడు. సమీక్ష కఠినమైనదే. కాని అన్యాయమని అనలేం.

ఆ వ్యతిరేకత 1899లో మరింత వికృతంగా బయటపడింది. పాఠశాలల్లో ఐరిష్ భాషా బోధనను పరిశీలిస్తున్న ప్రభుత్వ సంఘం ఎదుట, పడమటి జిల్లాల్లో చేపలు పట్టేవారికి, పక్షుల వేటకు వెళ్లేవారికి ఆ భాషలో నాలుగు ముక్కలు వస్తే ఉపయోగమేనని మహాఫీ సాక్ష్యమిచ్చాడు. ఆ భాషలోని పాఠ్యగ్రంథాలను హీనంగా మాట్లాడాడు. ఒలింపియా పట్టికను ఆధారాలతో తూచిన చరిత్రకారుడు ఇక్కడ వేటగాడి అనుభవంతో సరిపెట్టుకున్నాడు. డగ్లస్ హైడ్ ఐరోపా పండితుల అభిప్రాయాలు సేకరించి ఆ సాక్ష్యాన్ని ఖండించాడు. హైడ్ కూడా ట్రినిటీలో చదివినవాడే; 1938లో ఐర్లండ్ తొలి అధ్యక్షుడయ్యాడు.

1914లో మహాఫీ ట్రినిటీ అధిపతి అయ్యాడు. ఆ ఏడాదే దేశభక్త కవి టామస్ డేవిస్ శతజయంతి సభలో, సైన్యంలో చేరవద్దని ప్రచారం చేస్తున్న పాట్రిక్ పియర్స్ మాట్లాడబోతున్నాడని తెలిసి కళాశాల ఆవరణలో సభను నిషేధించాడు. సభ వేరొకచోట జరిగింది. యేట్స్, పియర్స్ ఇద్దరూ మాట్లాడారు.