ఇంతకీ కర్త ఎవరు?

మొన్న సంక్రాంతి వెళ్ళాక నరసరావుపేటలో మా చెల్లెలి ఇంట్లో నాలుగు రోజులున్నాను. వాళ్ళమ్మాయి పదో తరగతి. పొద్దున్నే అయిదింటికి లేచి, దుప్పటి కప్పుకుని, హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఇంగ్లీషు నాన్‌డిటెయిల్డ్ వల్లె వేస్తుంది. ఆ ఇంట్లో అందరికీ ఆ జవాబులు నోటికి వచ్చేశాయి. కూర్చోబెడితే మా చెల్లెలు కూడా పరీక్ష రాసి వస్తుంది.

ఆ రోజు పాఠం మొపాసా రాసిన "నెక్లెస్". మా అమ్మ వసారాలో కూర్చుని పండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. పిల్ల గొంతు విని విని, "ఏందే ఆ కథ, తెలుగులో చెప్పు" అంది.

పిల్ల చెప్పింది. ఒక గుమాస్తా భార్య. పెద్దింటి విందుకి పిలుపు వచ్చింది. స్నేహితురాలి దగ్గర రవ్వల హారం ఎరువు తెచ్చుకుని పెట్టుకుంది. వచ్చేటప్పుడు అది పోయింది. అలాంటిదే 36,000 ఫ్రాంకులకి కొని తిరిగి ఇచ్చేశారు. ఆ అప్పు తీర్చటానికి పదేళ్ళు పట్టింది. తీరా చూస్తే మొదటి హారం గిల్టుదట, మహా అయితే 500 చేస్తుందట.

మా అమ్మ తొడిమలు తీయటం ఆపింది. "పోయిందని చెబితే సరిపోయేదిగా! ఎందుకు చెప్పలా?"

"ఆ ప్రశ్న రాదు అమ్మమ్మా. మోరల్ అడుగుతారు. ఆడంబరం వల్ల ఆమె జీవితం పాడైపోయింది. అంతే."

పెళ్ళికి వెళ్ళటానికి పక్కింటి గొలుసు ఎరువు అడగని ఇల్లు మన వైపు ఎన్ని ఉన్నాయో చెప్పండి! మా అమ్మా అడిగింది, మా అమ్మనీ అడిగారు. మొపాసా 1884లో ఫ్రెంచి పాఠకుల కోసం రాసిన కథ పల్నాడు ఆడవాళ్ళకి చెప్పి చూడండి. ఒక్కరు కూడా ఆడంబరం అనరు. పెళ్ళిలో వాళ్ళు ఎన్నిసార్లు మెడ తడిమి చూసుకున్నారో చెబుతారు.

అమ్మ ప్రశ్న నన్ను వదల్లేదు. పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు పుస్తకం తీసి చూశాను. కాలేజీ రోజుల్లో చదివినదే, అయినా ఒక సంగతి అప్పుడు నా కంట పడనేలేదు. హారం పోయిందని తెలిశాక, దాని కొక్కెం విరిగింది, బాగుచేయించి పంపుతానని స్నేహితురాలికి ఉత్తరం రాయమన్నది ఎవరు? మొగుడు. ఆయన చెబుతుంటే ఆవిడ రాసింది. కథలో అది గట్టిగా రెండు వాక్యాలు కూడా లేదు. ఆ అబద్ధం లేకపోతే పదేళ్ళ అప్పు లేదు, కథే లేదు.

ఆవిడ తప్పేమీ లేదని నేననను. ఆహ్వానం చూడగానే బల్ల మీద విసిరేసి ఏడ్చింది. ఆయన తుపాకీ కొనుక్కుందామని దాచుకున్న నాలుగు వందలూ ఆవిడ గౌనుకి ఇచ్చాడు. మంచివాడే. అప్పు తీర్చటానికి రాత్రిళ్ళు కూడా కూర్చుని లెక్కలు రాశాడు. కాని గైడులో ఆయన పేరు చివర "త్యాగశీలి" అనీ, ఆవిడ పేరు చివర "దురాశాపరురాలు" అనీ ఉంది. అబద్ధం సంగతి ఎవరి లెక్కలోనూ లేదు.

తెలుగులో ఇది ఎంత తేలిగ్గా చెప్పొచ్చో చూడండి. ఆవిడ రాసింది, ఆయన రాయించాడు. ఒక్క "ఇంచు" చేరిస్తే చాలు, చేతులు ఎవరివో బుద్ధి ఎవరిదో తేలిపోతుంది. ఇంగ్లీషులో ఇదే మాట చెప్పటానికి ఇంకో మాట తెచ్చి అతకాలి. అలాంటి భాష పుట్టుకతో ఉన్న పిల్లలం, కథ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి గడప బయట వదిలి వస్తాం. ఎందుకంటే గ్రామరు ఒక పీరియడు, కథ ఇంకో పీరియడు. ఒకదాని మొహం ఇంకొకటి చూడదు.

మా బళ్ళోనూ అంతే. గురజాల దగ్గర పల్లెటూరి హైస్కూలు, నాపరాళ్ళు పరిచిన వరండా. మేష్టారు బోర్డు మీద "రాముడు రావణుణ్ణి చంపెను" అని ఇంగ్లీషులో రాసేవారు. దాన్ని తిరగేసి "రావణుడు రాముని చేత చంపబడెను" చేసేవాళ్ళం. పదో తరగతి అయ్యేసరికి ఆ రావణుణ్ణి మేము ఎన్నిసార్లు చంపామో లెక్కలేదు. ఆ పాఠంలోనే ఒక చిట్కా చెప్పారు. కర్త ఎవరో అందరికీ తెలిసిందే అయితే, లేదా ఎవరైనా ఒకటే అయితే, చివరి "బై దెమ్" కొట్టేయవచ్చు. మార్కులు తగ్గవు. అది విని మేమంతా సంబరపడ్డాం, రెండు మాటలు రాసే పని తప్పిందని.

అన్నట్టు ఆ చిట్కాలకి మూలగ్రంథం రెన్ అండ్ మార్టిన్ వారి గ్రామరు. 1930లలో వచ్చింది, ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. మా రోజుల్లో దాన్ని మేష్టారి చంకలో తప్ప ఇంకెక్కడా చూడలేదు. ఆ రెన్ దొరగారు నవలలు రాసేవాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. "బో జెస్ట్" అని 1924లో పెద్ద పేరు తెచ్చుకున్న సాహస నవల. అందులో ఒక నీలమణి పోతుంది, దాని కోసం ముగ్గురు అన్నదమ్ములు ఎడారి సైన్యంలో చేరతారు. చివరికి తేలేదేమిటంటే, పోయిన మణి నకిలీది! అసలుది ఆ ఇంటి ఇల్లాలు ఎప్పుడో అమ్మేసింది. మనకి కర్తా కర్మా నేర్పిన పుస్తకం మీద పేరున్న మనిషి కూడా గిల్టు నగ చుట్టూ కథ అల్లినవాడే. ఆ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఆ పుస్తకమంటే మాకు అంత భయం ఉండేది కాదేమో.

మళ్ళీ మొపాసా దగ్గరికి వస్తాను. మొదటిసారి ఆ కథ ముగింపు చదివి అదిరిపోయాను. ఈసారి కొంచెం కోపం వచ్చింది. కొత్త హారం తిరిగి ఇచ్చినప్పుడు స్నేహితురాలు పెట్టె తెరిచి చూడదు. చూస్తే కథ అక్కడే అయిపోతుంది, కాబట్టి రచయిత తెరవనివ్వలేదు. సొంత నగ తిరిగొస్తే తెరిచి చూసుకోని ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు.

ఉత్తరం అంటే మన గురజాడవారి "దిద్దుబాటు" గుర్తొస్తుంది. 1910 నాటి కథ. అందులోనూ ఒక భార్య ఉత్తరం రాస్తుంది. ఎవరూ చెప్పి రాయించలేదు, తనే రాసింది. రాత్రి ఆలస్యంగా ఇల్లు చేరిన మొగుడు ఆ ఉత్తరం తీసి మొట్టమొదట దేనికి ఉలిక్కిపడ్డాడు? సంబోధనకి! ప్రియమంతా పోయి "అయ్యా" మిగిలింది. బళ్ళో లెటర్ రైటింగ్‌లో సంబోధనకి అర మార్కో, మార్కో వేసేవారు. దాని మీద ఒక కాపురమే నిలబడగలదని గురజాడ చూపించాడు.

ఇంతా రాస్తున్నది మొపాసా కోసం కాదు. పిల్ల పుస్తకంలో ఇంకో కథ ఉంది, కె.ఎ. అబ్బాస్ రాసిన "భోలీ". మశూచి మచ్చల మొహం, నత్తి. తండ్రి మన మునసబులాంటివాడు. ఊళ్ళో ఆడపిల్లల బడి తెరిచిన తాసిల్దారు నీ కూతుళ్ళని పంపు అంటే, ఎలాగూ పెళ్ళి కాదు కదా అని దీన్ని పంపారు. మొదటి పేజీల్లో భోలీ చేసే పనులు తక్కువ, ఆమెకి జరిగేవే ఎక్కువ. చివరికి ముసలి పెళ్ళికొడుకు మచ్చలు చూసి అయిదు వేలు కట్నం అడుగుతాడు, తండ్రి తలపాగా తీసి కాళ్ళ దగ్గర పెట్టి మరీ డబ్బిస్తాడు. అప్పుడు నత్తి లేకుండా భోలీ అంటుంది, ఇతన్ని చేసుకోనని. చేసుకోను! మన భాషలో ఆ "కొను" ఎంత బలమైన ముక్కో ఆలోచించండి. గైడులో మాత్రం "విద్య ప్రాముఖ్యం" అని ఉంది, నాలుగు పాయింట్లు.

నాకొక స్నేహితురాలు ఉండేది. 1995లో పదో తరగతి కలిసి రాశాం. మా క్లాసులో కథ అంటే దానికే అర్థమయ్యేది. మేష్టారు చదువుతుంటే ముందే నవ్వేది, ముందే కళ్ళు తుడుచుకునేది. మా పల్నాట్లో పబ్లిక్ పరీక్షలూ మిరపకోతలూ ఒక్కసారే వస్తాయి. జనవరి నుంచి అది బడికి వచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. జవాబులు సొంత మాటల్లో రాసింది. ఇంగ్లీషుకి 35 రావాలి, 29 వచ్చాయి.

ఆ వేసవిలోనే దానికి పెళ్ళి చేశారు.

ఈ వాక్యం ఎన్నో ఏళ్ళుగా నేను ఇలాగే చెబుతున్నాను. మీరూ ఎవరో ఒకరి గురించి చెప్పే ఉంటారు. తెలుగులో "చంపబడెను" అని ఎవరూ మాట్లాడరు, మనకి పాసివ్ వాయిస్ అక్కర్లేదు. కర్తని ఊరికే మింగేస్తాం. ఎవరు చేశారు? తండ్రా, మేనమామా, ఆ ఆరు మార్కులా, మిరప ధరా? "బై దెమ్" కొట్టేశాం, మార్కులు తగ్గలేదు.

నరసరావుపేట నుంచి తిరిగొస్తూ దాన్ని చూడటానికి వెళ్ళాను. దానికి ఇప్పుడు ఇద్దరు మనవలు. మిరపకాయలు ఆరబోసిన కళ్ళం పక్కన మంచం వాల్చింది. మాటల్లో భోలీ కథ చెప్పాను. వెనకటిలాగే, నేను చెప్పేలోపే ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వింది. పెళ్ళికొడుకుని చేసుకోనని చెప్పేచోట చప్పట్లు కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"ఆ పిల్ల పంతులమ్మ పెళ్ళికి వచ్చిందా?" అంది.

వచ్చిందన్నాను. పెళ్ళి వాకిట్లో ఒక మూల నిలబడి చూస్తూనే ఉంటుంది.

"అదీ సంగతి" అని కాయలు తిరగేసింది. "మనకెవరూ రాలా."