పారేయని డైపర్లు

నెలలు నిండని బిడ్డల పేగుకు వచ్చే నెక్రొటైజింగ్ ఎంటెరోకొలైటిస్ (ఆసుపత్రుల్లో పొట్టిగా ఎన్‌ఈసీ అంటారు) చెప్పి రాదు. కిలో బరువైనా లేని పసికందు కొన్ని వారాలు ఇంక్యుబేటర్‌లో నెట్టుకొస్తుంది. పాలు అరుగుతున్నాయి, గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకునే వేళ పొట్ట ఉబ్బుతుంది. పట్టిన పాలు కడుపులోనే నిలిచిపోతాయి. మలంలో రక్తం కనబడుతుంది, ఎక్స్‌రేలో పేగు గోడ లోపల గాలి బుడగలు తేలతాయి. ఒక్కోసారి గంటల్లోనే పేగు కుళ్లి చిల్లు పడుతుంది.

ఇందులో పేగు బాక్టీరియా హస్తం ఉందన్న అనుమానం పాతదే. రుజువు దగ్గరే చిక్కు. జబ్బు బయటపడ్డాక మలం తీసి పరీక్షిస్తే, అప్పటికే పాలు ఆపేసి ఉంటారు, యాంటీబయాటిక్స్ మొదలై ఉంటాయి, పేగూ దెబ్బతిని ఉంటుంది. కనబడిన సూక్ష్మజీవి జబ్బు తెచ్చిందో, జబ్బు వెనకాల వచ్చి చేరిందో ఎవరు చెప్పగలరు? ఇల్లు కాలాక బూడిదలో అగ్గిపుల్ల వెతకడమే అది.

2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ చిక్కును విప్పిన తీరు నాకు ఎంతో నచ్చింది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీ వైద్యులు బార్బరా వార్నర్, ఫిలిప్ టార్, వారి సహచరుల పని అది. ఏ బిడ్డకు జబ్బు వస్తుందో ముందే తెలియదు కనుక అందరి మలమూ దాచాలనుకున్నారు. 1500 గ్రాములు మించని బరువుతో పుట్టిన పిల్లలు విసర్జించినదాన్ని వీలైనంతవరకు ఏదీ వదలకుండా, 2009 జూలై నుంచి 2013 సెప్టెంబరు వరకు పోగుచేశారు.

వినడానికి తేలిక. నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగంలో ఆ పని ఎలా ఉంటుందో ఆలోచించండి. అంత చిన్న బిడ్డ డైపర్‌లో ఉండేది ఒక్కోసారి మరక మాత్రమే. వెంటిలేటర్ అలారాలు, సూదులు, గొట్టాల ద్వారా పాలు పట్టడాల మధ్య దాన్ని గోకి తీయాలి. పేరు, వేళ రాయాలి, చల్లగా ఉంచాలి, ఫ్రీజర్‌కు చేర్చాలి. అర్ధరాత్రి డ్యూటీలోనూ అంతే. నాలుగేళ్లు ఈ క్రమం చెడకుండా నడవడం నా దృష్టిలో జన్యువులు చదివే యంత్రం కంటే పెద్ద విశేషం.

ఒక బిడ్డకు ఎన్‌ఈసీ వస్తే ఫ్రీజర్ తెరిచేవారు. ఆ బిడ్డ పుట్టినప్పటి నుంచి జబ్బుపడే వరకు దాచినవి బయటికి తీసి, ఇంచుమించు అన్నే వారాలకు, అంతే బరువుతో పుట్టి జబ్బు రాని పిల్లల నమూనాల పక్కన పెట్టేవారు. బాక్టీరియా అన్నింటిలోనూ ఉండే 16ఎస్ అనే జన్యువును చదివి ఏ రకం ఎంత పాళ్లలో ఉందో లెక్కగట్టారు. సెయింట్ లూయిస్‌లో 122 మంది పిల్లలు, 2492 నమూనాలు. అంటే తలకు ఇరవై పైనే. వారిలో 28 మందికి జబ్బు వచ్చింది. అక్కడితో ఆగితే అది ఒక ఆసుపత్రి ముచ్చట అయ్యేది. లూయివిల్, ఓక్లహోమా సిటీల నుంచి మరో 44 మంది పిల్లలవి 1094 నమూనాలు తెచ్చి మళ్లీ చూశారు.

తేడా పట్టాలంటే మామూలు క్రమం తెలియాలి. ఆ పునాది ఇదే బృందం 2014లో వేసింది. 58 మంది పిల్లల నుంచి 922 నమూనాలు చూసి, నెలలు నిండని పేగులో ముందు బాసిల్లై, తర్వాత గామా ప్రోటియోబాక్టీరియా, ఆపైన క్లోస్ట్రిడియా అనే బాక్టీరియా తరగతులు వంతులవారీగా పెరుగుతాయని చూపింది. యాంటీబయాటిక్స్, పాలు, కాన్పు తీరు ఆ నడక వేగాన్ని కొంత మార్చినా వరసను మార్చలేదు.

2016 అధ్యయనంలో ఎన్‌ఈసీ రాబోయే పిల్లల్లో ఈ నడకే తడబడింది. జబ్బు కనబడకముందే ఈ.కోలై, క్లెబ్సియెల్లా వంటివి ఉండే తరగతి అయిన గామా ప్రోటియోబాక్టీరియా వాటా పెరిగింది. ఆక్సిజన్ గిట్టని నెగటివిక్యూట్స్ తగ్గాయి. 27 వారాలు నిండకుండా పుట్టినవారిలో ఈ తేడా మరీ స్పష్టం. గామా ప్రోటియోబాక్టీరియా పైపొరలోని లైపోపాలీసాకరైడ్‌ను పేగు కణాల మీది టీఎల్ఆర్4 అనే గ్రాహకం పసిగడుతుంది. పండని పేగులో ఆ గ్రాహకం ఎక్కువగా పనిచేస్తుంది కాబట్టి వాపు అదుపు తప్పుతుందన్న వివరణకు ఈ లెక్కలు సరిగ్గా సరిపోతాయి. అయినా ఇదే కారణమని వారు తీర్మానించలేదు. ఆ నిగ్రహమూ పనితనంలో భాగమే. మలంలో ఉన్నది పేగు గోడను అంటుకుని ఉన్నదానికి అచ్చమైన నకలు కాదు మరి.

మంచి బాక్టీరియా పోస్తే సరిపోతుందిగా అని తొందరపడేవారికి 2016లోనే లాన్సెట్‌లో వచ్చిన మరో పరీక్ష ఉంది. ఇంగ్లండ్‌లో 1315 మంది పిల్లల మీద బైఫిడోబాక్టీరియం బ్రీవ్ రకం ఒకటి ప్రయత్నించారు. ఎన్‌ఈసీ తగ్గలేదు. ఆ బాక్టీరియా ఇవ్వని పిల్లల్లో కూడా చాలామంది పేగులకు అది పాకింది. అక్కడా మలం దాచి పరీక్షించారు కాబట్టే ఆ సంగతి బయటపడింది.