గీత కిందికి దిగితే మురికి ఎటు పోయింది?

దేశం ఎదిగే తొలిరోజుల్లో కాలుష్యం పెరుగుతుంది, తలసరి ఆదాయం ఒక హద్దు దాటాక తగ్గుతుంది - అభివృద్ధి పండితులు ముప్పయ్యేళ్ళకు పైగా చెబుతున్న మాట ఇది. 1955లో సైమన్ కుజ్నెట్స్ ఆదాయ అసమానతల గురించి చెప్పిన బోర్లించిన 'యు' గీతనే పర్యావరణానికీ తగిలించారు. 1995లో గ్రాస్‌మన్, క్రూగర్‌లు నగరాల గాలినీ, నదుల నీళ్ళనీ లెక్కగట్టి, చాలా కాలుష్యాలకు తలసరి ఆదాయం 8,000 డాలర్లకు (1985 ధరల్లో) చేరేలోపే మలుపు వస్తుందన్నారు. ఆ మలుపు తనంత తానుగా రాదనీ, జనం అడిగితేనే, ప్రభుత్వం కదిలితేనే వస్తుందనీ వాళ్ళే ఒప్పుకున్నారు. ఆ నిజాయితీని మేం కాదనం. మా పేచీ 'జనం' అన్న మాట దగ్గరే.

అడిగే జనం ఎవరు? ఎవరి గొంతు వినబడుతుంది? తలసరి లెక్కలో ఊరూ వాడా కలిసిపోతాయి, బతుకులో కలవవు గదా!

పటాన్‌చెరు చూడండి. మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగును చంపాయి. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది, ఉమ్మడి శుద్ధికేంద్రం వచ్చింది. అంటే పండితులు చెప్పిన మలుపు కోసం చెయ్యాల్సిందంతా చేశారు. అయినా శుద్ధి చేసి వదిలిన నీళ్ళలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం 2007లో బయటపెట్టింది. పంటనష్టమంటే పట్టా చూసి లెక్క కడతారు. మరి ఆ పొలంలో కూలి పోగొట్టుకున్నోడికి పట్టా ఏది?

ఇంకో సంగతి. నగరం శుభ్రపడిందంటే ఎవరో మ్యాన్‌హోల్‌లోకి దిగినట్టే. ఆ దిగేది ఏ కులమో చెప్పాల్సిన పనిలేదు. పాకీపనిని 1993లో చట్టం నిషేధించింది, 2013లో ఇంకో చట్టం వచ్చింది. మురుగుకాల్వలో చనిపోతే 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం పెరిగింది గానీ చావులు ఆగలేదు. నదిలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచిన ఆ పరిశోధనలో మ్యాన్‌హోల్‌లో ఊపిరాడనోడి లెక్క లేదు.

అభివృద్ధే వద్దనే వాళ్ళతో మేం లేం. పాత పల్లె స్వచ్ఛంగా ఉండేదని పాడేవాళ్ళతో అసలే లేం. ఆ పల్లె మమ్మల్ని ఎక్కడ ఉంచిందో మాకు తెలుసు. నల్లా, కరెంటు, ఉద్యోగం మాకూ కావాలి. మేం అడిగేదల్లా ఒకటే: కాలుష్యాన్ని దేశం సగటుతో కాదు, వాడవాడకూ, పనిపనికీ కొలవండి. అప్పుడు గీత నిజంగా దిగిందో, మురికి మా వైపు జరిగిందో తేలిపోతుంది.