కోలకు కోల కలిసే చోట

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో రాములవారి గుడి ముందు కాస్త చదును నేల ఉంటే కోలాటానికి అది చాలు. మద్దెల, తాళాలు, పాట ఎత్తుకునే గురువు కావాలి. మిగిలినదంతా ఆడేవాళ్లే. చూసేవాళ్లు ఒక్కరూ లేకపోయినా కోలాటం సాగుతుంది, ఎదురు నిలిచే మనిషి లేకపోతే మాత్రం మొదలే కాదు. ఈ ఆట గొప్పతనం నా దృష్టిలో అక్కడే ఉంది.

ఆడేవాళ్లు ఎప్పుడూ సరిసంఖ్యలో ఉంటారు. సగం మంది లోపలి వలయంలో, సగం మంది బయటి వలయంలో ఎదురెదురుగా నిలబడతారు. ఎవరి ఎదుట ఎవరుంటే వాళ్లు ఒకరికొకరు ఉద్ది. కోలలు గట్టి కర్రతో చేసినవై ఉండాలి, చేవలేని కర్ర మోగదు. మొదట తన కోలలు తానే తాకించుకుని, తర్వాత ఉద్ది కోలకు, ఆపైన ఒళ్లు తిప్పి పక్కవాళ్ల కోలకు తాకించాలి. లోపలి వరస ఒకవైపు, బయటి వరస మరోవైపు జరిగేసరికి ఎదుటి ముఖం మారిపోతుంది. ఇలా ఒక్కో రకం నడకకు కోపు అని పేరు. కోపు మారాలంటే గురువు ఈల వేస్తాడు, లేదా పాటలోనే మలుపు ఇస్తాడు. మెల్లగా మొదలైన పాట వేగం పుంజుకుంటూ పోతుంది.

ఈ ఆటలో బలంగా కొట్టడం నేర్పు కాదు. ఎదుటివాళ్ల కోల వచ్చే చోటికి సరిగ్గా ఆ క్షణానికి తన కోల చేరడమే నేర్పు. తొందరపడితే వేళ్లకు దెబ్బ, ఆలస్యమైతే తాళం చెడుతుంది. అందుకే కొత్తవాళ్లు కోలనే చూస్తూ ఉంటే ఆట రాదు. ఎదుటి మనిషిని చూడాలి. భుజం కదలికను బట్టి చెయ్యి ఎటు లేస్తుందో తెలిసిపోతుంది.

జడ కోలాటానిది ఇంకో మెట్టు. పైన ఒకచోట కట్టిన రంగు తాళ్లను తలా ఒకటి పట్టుకుంటారు. సగం మంది ఇటు, సగం మంది అటు, ఒకరి లోపలి నుంచి, ఇంకొకరి బయటి నుంచి తిరుగుతూ ఆడితే పైన జడ అల్లుకుంటుంది. తర్వాత అదే దారిన వెనక్కి ఆడి జడ విప్పాలి. అల్లడం కన్నా విప్పడమే కష్టం. ఒక్కరు ఒక్క మలుపు తప్పినా ముడి పడిపోతుంది. ఎంత ఆరితేరిన ఆటగాడైనా ఆ ముడిని ఒంటరిగా విప్పలేడు.

కోలాటం నిన్నటి ఆట కాదు. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయప 13వ శతాబ్దంలో రాసిన నృత్తరత్నావళిలో దేశి నృత్యాల నడుమ కోలలతో ఆడే దండరాసకాన్ని వర్ణించాడు. హంపి శిల్పాల్లోనూ కోలలు పట్టి ఆడుతున్న స్త్రీలు కనిపిస్తారు.

సముద్రాల అవతల న్యూయార్క్ హార్లెంలోనూ ఇలా ఎదుటి మనిషి లేకపోతే సాగని ఆటే ఒకటి పుట్టింది. 1926లో అక్కడ సవాయ్ బాల్‌రూమ్ అనే నృత్యశాల తెరిచారు. జాజ్ సంగీతానికి నల్లజాతి యువతీయువకులు జతలుగా ఆడిన ఆటకు లిండీ హాప్ అని పేరొచ్చింది. స్వింగ్ నృత్యాలన్నిటిలోకీ పేరుమోసింది అదే. అమెరికాలో నల్లవాళ్లను, తెల్లవాళ్లను విడదీసి కూర్చోబెట్టిన ఆ రోజుల్లో సవాయ్‌లో ఇరువర్గాలూ ఒకే నేల మీద ఆడాయి. ఆ హాలు 1958లో మూతపడింది. అక్కడి మేటి ఆటగాడు ఫ్రాంకీ మానింగ్ ఆట విడిచి దాదాపు 30 ఏళ్లు తపాలా ఉద్యోగం చేసుకున్నాడు. 1980లలో కుర్రకారు వెతుక్కుంటూ వచ్చి నేర్పమని అడిగితే మళ్లీ గురువయ్యాడు. 2009లో కన్నుమూసేదాకా దేశదేశాలు తిరిగి నేర్పాడు. అడిగేవాళ్లు వచ్చారు కాబట్టే ఆ ఆట బతికింది.

మళ్లీ మన వైపుకు వస్తే, కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. తమిళుల కోలాట్టం, కన్నడిగుల కోలాట కూడా ఈ ఆటే. పాట భాష తెలియకపోయినా తాళం తెలిస్తే కోల కలుస్తుంది. కానీ సవాయ్‌లో జరిగినది మన గుళ్ల ముందు అన్నిచోట్లా జరిగిందని చెప్పలేం. గుడి వాకిట ఎవరు ఆడాలో, ఎవరు దూరం నుంచి చూడాలో కులమే నిర్ణయించిన ఊళ్లు మనవి. కోలాటంలో ఎదుటివాళ్లు ఎవరని అడగడానికి వీల్లేదు, వలయం తిరిగితే ప్రతి ఒక్కరూ ఉద్దే. ఆట నియమంలోనే ఉన్న ఈ సమానత్వాన్ని వలయంలోకి ఎవరిని రానిస్తామన్న దగ్గరే పోగొట్టుకున్నాం. అయితే మన పల్లెల్లో ఒకప్పుడు మగవాళ్ల బృందాలే ఎక్కువగా కనిపించిన ఈ ఆటను ఇప్పుడు ఆడవాళ్లు చేతుల్లోకి తీసుకున్నారు. పొలం పని, ఇంటిపని ముగించుకుని రాత్రి సాధన చేసి, తిరుమల బ్రహ్మోత్సవాల వాహనసేవల ముందు ఆడే బృందాల్లో వాళ్లే ముందున్నారు. ఇది మంచి మార్పు.

నన్ను బాధపెట్టేది ఇంకొకటి. కోలాటం రాను రాను ఊరేగింపు ముందు చూపించే అలంకారంగా మిగులుతోంది. ఒకే రంగు చీరలు, స్పీకర్లో రికార్డు పాట, కెమెరా వైపు తిరిగిన ముఖాలు. రికార్డు పాట ఆడేవాళ్ల కోసం ఆగదు, తడబడిన జత కోసం తాళం తగ్గించదు. ఎదురుగా మద్దెల, గొంతు ఉన్న గురువు ఆ పని చేస్తాడు. అతను లేని కోలాటంలో కొత్తవాళ్లకు చోటుండదు. తప్పు చేస్తారన్న భయంతో వాళ్లను పక్కన పెట్టేస్తారు.

మీ ఊళ్లో కోలాటం నేర్పే గురువు ఉంటే నేర్పమని ఆయన్ను అడగండి. పంచాయతీ వాళ్లూ, బడి పంతుళ్లూ, మీరు ఆయనకు సాయంత్రం ఒక గంట, కాస్త పారితోషికం ఇచ్చి పిల్లల్ని అప్పగించండి, అన్ని వీధుల పిల్లల్నీ. మీరూ రెండు కోలలు పట్టుకుని వలయంలో నిలబడండి.