వెడల్పు లేని అక్షరం

నెలలో మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి నా చెయ్యి ఇప్పటికీ జేబు తడుముకుంటుంది, తాళంచెవి కోసం. అది నా దగ్గర లేక చాలా ఏళ్ళయింది. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడమీద గది తాళం అది. పదకొండేళ్ళపాటు ఆ తలుపు తీసిందీ, బెంచీలు సర్దిందీ, ఎక్స్‌టెన్షన్ బోర్డులు పరిచిందీ, చివర్లో టీ గ్లాసులు ఏరిందీ నేనే. బయటివాళ్ళు నన్ను లినక్స్ గ్రూపు నాయకుడనేవారు. మా ఇంట్లో దానికి 'ఆదివారం పిచ్చి' అని పేరు.

లినక్స్‌ని 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టాడు. తరవాత దేశదేశాల వాళ్ళు తలో చెయ్యీ వేశారు. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. చిక్కల్లా ఒకటే. డబ్బిచ్చి కొన్న సరుకైతే పాడైనప్పుడు కొట్టువాణ్ణి నిలదీస్తాం. ఇక్కడ కొట్టే లేదు. అందుకే వాడేవాళ్ళే ఒకరినొకరు అడుక్కోవాలి. ఆ అడుక్కోవడానికి పెట్టుకున్న పేరే యూజర్ గ్రూపు.

నేను ఇంజనీర్ని కాను, ఒక ఆఫీసులో లెక్కలు రాసుకునేవాణ్ణి. 2003లో ఒక మిత్రుడు బలవంతపెడితే రాత్రి రైలెక్కి, బెంగళూరులో ఏటా జరిగే 'లినక్స్ బెంగళూరు' సమావేశానికి వెళ్ళాను. 2001లో మొదలైన ఆ సమావేశమే తరవాత ఫాస్.ఇన్ అయి 2012 దాకా నడిచింది. అక్కడి ఉపన్యాసాలు సగం అర్థం కాలేదు. అర్థమైందల్లా ఒకటి: తెలిసినవాడు తెలియనివాడి పక్కన నేలమీద చతికిలబడి చెబుతున్నాడు, ఎవరూ ఎవరికీ రూపాయి ఇవ్వడం లేదు. తిరిగొచ్చాక 2004లో ఏడుగురం కలిసి గది అడిగాం. ట్యుటోరియల్ యజమాని తాళంచెవి నా చేతిలో పెట్టి, 'ఫ్యాన్లు ఆపి వెళ్ళండి మాస్టారూ' అన్నారు. అదే మా రాజ్యాంగం.

అప్పట్లో ఇంటర్నెట్ అంటే టెలిఫోను తీగమీద కీచుమంటూ వచ్చే డయలప్. సీడీకి సరిపడే సరుకు దించుకోవాలంటే రాత్రుళ్ళు సరిపోయేవి కావు. ఉబుంటు అనే లినక్స్ రకాన్ని తయారుచేసేవాళ్ళు అడిగినవాళ్ళకల్లా సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు. 2011లో ఆపేసేదాకా ఆ కవర్ల కోసం పండగ బట్టల కోసం చూసినట్టు చూసేవాళ్ళం. ఇక మోడెమ్‌ల గొడవ వేరు. చవకగా దొరికే మోడెమ్‌లు సగం పనిని విండోస్ నెత్తిన పెట్టి తాము చేతులు కట్టుకుని కూచునే రకం. లినక్స్‌లో అవి పలికేవి కావు. లినక్స్ ఎక్కించగానే ఇంటర్నెట్ పోయేది, ఇంటర్నెట్ లేనిదే మందు దొరికేది కాదు. ఆ మందు కోసమే జనం మేడమెట్లెక్కేవారు.

అడగ్గానే చెప్పడం, చెప్పగానే అవతలి మొహం వెలగడం. ఇంతకు మించిన మత్తు లేదు. ఆఫీసులో నా మాట నా బల్ల దాటేది కాదు. ఇక్కడ ఇరవై మంది నా నోటికేసి చూసేవారు. 'అన్నా, ఒక్క నిమిషం' అని ఎవరైనా అంటే నేను కుర్చీలోంచి సగం లేచే ఉండేవాణ్ణి.

2006 వేసవిలో తెనాలి నుంచి ఓ కుర్రాడు సీపీయూ డబ్బాని దుప్పట్లో చుట్టుకుని ప్యాసింజర్ బండిలో తెచ్చాడు. విండోస్ ఉంచి, పక్కన లినక్స్ పెట్టాలి. అంటే హార్డ్‌డిస్క్‌ని పొలం గట్లేసినట్టు విడగొట్టాలి. బయట ఎండ, లోపల కరెంటు ఎప్పుడు పోతుందో తెలీని తొందర. 'ఇలా జరుగు తమ్ముడూ' అని కీబోర్డు లాక్కున్నాను. ముఖ్యమైనవి వేరే చోట దాచుకున్నావా అని అడగలేదు. చెరపకూడని గట్టు చెరిపాను. అందులో వాళ్ళక్క పెళ్ళి ఫొటోలున్నాయి.

ఆ రాత్రంతా ఫోటోరెక్ అనే పనిముట్టుతో కూచున్నాను. పోయిన ఫైళ్ళని అది పేరును బట్టి వెతకదు, బొమ్మ తల ఎలా మొదలవుతుందో గుర్తుపట్టి తోడుతుంది. బొమ్మలైతే వస్తాయి, పేర్లు రావు. చాలా ఫొటోలు దొరికాయి గానీ వరస పోయింది. అప్పగింతల ఏడుపు తరవాత తలమీద జీలకర్రాబెల్లం, దాని తరవాత ఖాళీ విస్తళ్ళు. కుర్రాడు 'పర్లేదన్నా' అన్నాడు. నెల తరవాత వాళ్ళమ్మగారు ఫోన్ చేశారు. తిట్టలేదు. 'బాబూ, తలంబ్రాల ఫొటో ఒక్కటీ కనపడలేదు. మీ దగ్గరేమైనా ఉండిపోయిందేమోనని' అన్నారు.

ఆ ఫోను తరవాత గదిలో ఒక కాగితం అంటించాను: ఎవరి కీబోర్డు వాళ్ళదే. చెప్పేవాడు వెనక నిలబడాలి, చేతులు వీపు వెనక కట్టుకోవాలి, తప్పు నొక్కుతుంటే నోటితోనే ఆపాలి. నలభై నిమిషాల పని రెండు గంటలు పట్టేది. నా వేళ్ళు దురద పెట్టేవి. కానీ తన చేత్తో తను ఎక్కించుకున్నవాడు వచ్చే నెల పక్కవాడికి ఎక్కించేవాడు. నేను ఎక్కించి పంపినవాడు వచ్చే నెల మళ్ళీ నా దగ్గరికే వచ్చేవాడు.

చెయ్యి కట్టుకోవడం నేర్చుకున్నాను గానీ నోరు కట్టుకోవడం రాలేదు. దాన్ని 2008 సంక్రాంతి జలుబు నేర్పింది. గొంతు పూర్తిగా పోయింది, గుసగుస కూడా రాదు. అయినా తాళంచెవి నా దగ్గరే కదా, వెళ్ళాను.

ఆ రోజు రిటైరైన తెలుగు మాస్టారొకరు వచ్చారు. మనవడికి కంప్యూటర్లో తెలుగు ఉత్తరం రాయాలని ఆయన పట్టుదల. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వారంలో పట్టేశారు. ఎడమచేతికి అచ్చులూ గుణింతపు గుర్తులూ, కుడిచేతికి హల్లులు. క మీటకి షిఫ్ట్ కలిపితే ఖ. పొల్లు డి అనే మీట మీద. 'వర్ణమాల తెలిసినవాడు చేసిన పని' అని మెచ్చుకున్నారు కూడా. ఆయన గొడవల్లా మనవడి ఉద్యోగంతో వచ్చింది. సాఫ్ట్‌వేర్ అని కొడితే 'సాఫ్ట్వేర్' అని పడుతోంది. ఫ కింద ట, ట కింద వ, బస్తాలు పేర్చినట్టు. పొల్లు తరవాత హల్లొస్తే ఒత్తు చెయ్యమన్నది తెలుగు ధర్మం, కంప్యూటర్ దాన్నే పాటిస్తోంది. 'మావాడి ఉద్యోగమే చదవడానికి రాకుండా ఉందే!' అన్నారు మాస్టారు.

జవాబు నాకు తెలుసు. నోరు తెరిచాను, గాలి వచ్చింది. గదిలో అందరూ నాకేసి చూశారు. నేను గొంతు చూపించాను. అరనిమిషం ఎవరూ మాట్లాడలేదు. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు, ఎప్పుడూ నేనే మాట్లాడుతుండేవాణ్ణి కాబట్టి.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. ప్రెస్సులో డీటీపీ చేసే పిల్ల. పగలంతా పేజ్‌మేకర్లో అనూ ఫాంట్లతో పాఠ్యపుస్తకాలు కొట్టేది. ఆ ఫాంట్లలో కొట్టింది యూనికోడ్ కాదు, ఇంకో చోట అతికిస్తే పిచ్చి గీతలవుతుంది. అందుకని యూనికోడ్ నేర్చుకోడానికి మా దగ్గరికి వచ్చేది. ఎనిమిది నెలలుగా వస్తోంది, ఒక్కమాట మాట్లాడి ఎరగదు. మొహమాటస్తురాలు అనుకున్నాను.

'పొల్లు తరవాత ఇంకో అక్షరం కొట్టాలి మాస్టారూ. అది కనపడదు, చోటూ పట్టదు. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు' అంది. మాస్టారు మొహం చిట్లించారు. 'కనపడనిదాన్ని అక్షరమెలా అంటావమ్మా?'

'బస్సులో సీటు మీద తువ్వాలు వేస్తాం చూడండి మాస్టారూ. అక్కడ మనిషి లేడు. అయినా పక్కవాడు వచ్చి మీద పడడు. ఇదీ అంతే. ఇది మధ్యలో ఉంటే వ కిందకి జారదు, పక్కనే నిలబడుతుంది.'

మాస్టారు నవ్వేశారు. నేనైతే యూనికోడ్ గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చి ఉండేవాణ్ణి, తువ్వాలు నాకు తట్టేది కాదు. ఇంటికి నడిచి వెళ్తూ లెక్క వేసుకున్నాను. ప్రశ్నకీ నా జవాబుకీ మధ్య ఇన్నాళ్ళూ ఎంత ఎడం ఇచ్చాను? రెండు సెకన్లు కూడా ఉండదు. ఎనిమిది నెలలుగా ఆ అమ్మాయి మొహమాటపడటం లేదు, తన వంతు కోసం చూస్తోంది. ఎదుటివాళ్ళకి సాయపడుతున్నాననుకుంటూ ఇరవై మందిని శ్రోతల్ని చేసి కూచోబెట్టాను.

గొంతు పది రోజుల్లో వచ్చింది. ఆ తరవాత ప్రతి ప్రశ్నకీ మనసులో ఇరవై లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పన్నెండో అంకె దగ్గర ఎవరో ఒకరు కదిలేవారు. తప్పు జవాబులూ వచ్చేవి, వాటిని ఇంకొకరు దిద్దేవారు. కొన్నిసార్లు నాకు తెలుసనుకున్నదే తప్పని తేలేది. తెలియక ఊరుకోవడం ఎవరికైనా చేతనవుతుంది. తెలిసి ఊరుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

తాళంచెవి సంగతి మిగిలింది. 2010లో మూడు నెలలు ఆఫీసు పని మీద విశాఖ వెళ్ళాను. తిరిగొచ్చాక తెలిసింది, మూడు ఆదివారాలూ గది తెరవలేదట. తాళంచెవి నా బ్యాగులో విశాఖ తిరిగింది. ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. నేను లేకపోతే ఆగిపోయిందని మొదట లోలోపల కాస్త గర్వపడ్డాను. సిగ్గు ఆ తరవాత వచ్చింది.

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు, దీనికి మందు వెతుక్కున్నవాళ్ళూ ఉన్నారు. 1993లో పుట్టిన డెబియన్ అనే లినక్స్ రకం వాళ్ళు తమ నాయకుణ్ణి ఏడాదికోసారి ఓట్లేసి ఎన్నుకుంటారు. ఎంత గొప్పవాడైనా ఏడాది తిరిగేసరికి మళ్ళీ అడగాల్సిందే. పైథాన్ భాషని పుట్టించిన గీడో వాన్ రోసమ్‌ని అందరూ సరదాగా 'జీవితకాలపు దయగల నియంత' అనేవారు. ఆయన 2018 జులైలో ఇక చాలని తప్పుకున్నాడు, తన వారసుణ్ణి మాత్రం చెప్పలేదు. మీరే తేల్చుకోండన్నాడు. వాళ్ళు కొన్ని నెలలు వాదించుకుని అయిదుగురి మండలిని ఎన్నుకున్నారు. అంతటి భాషే యజమాని లేకుండా నడిచినప్పుడు ఒక మేడగది నడవదా?

నేనైతే అంతకు ముందే, 2015లో, తాళంచెవి ఇచ్చేశాను. రెండు నకళ్ళు చేయించి ముగ్గురికిచ్చాం. అందులో ఒకటి ఆ డీటీపీ అమ్మాయికి.

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. ఒక్క తెలుగు అక్షరం కనపడగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలుతున్నాయని ప్రపంచమంతా గోలెత్తింది. ఆ అక్షరం జ్ఞా. జ్ఞానంలో మొదటిది. ఆపిల్ వాళ్ళు కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దారు. ఆ మార్చి ఆదివారం పునుగుల పొట్లంతో మేడమెట్లెక్కి వెనక బెంచీలో కూచున్నాను. ఓ ఇంజనీరింగ్ కుర్రాడు అడిగాడు: 'అక్కా, మనం రోజూ జ్ఞాపకం అని కొడుతూనే ఉన్నాం కదా, ఎవరి ఫోనూ పడిపోలేదేం?'

దానికి జవాబు నేను చదివి వచ్చాను. మామూలు జ్ఞా ఏ ఫోన్నీ ఏమీ చెయ్యదు. ఆ పాడు జ్ఞాలో మన పాత నేస్తం, వెడల్పు లేని అక్షరం దూరింది. అదీ రెండు హల్లుల మధ్య కాదు, ఒత్తూ పడిపోయాక, జ్ఞకీ దాని దీర్ఘానికీ మధ్య. నిలబడాల్సిన చోట నిలబడితే మాట చదవడానికి వస్తుంది. అక్కర్లేని చోట అడ్డం నిలబడితే మొత్తం కూలుతుంది. పదకొండేళ్ళలో రెండు రకాలుగానూ నిలబడినవాణ్ణి నేను.

ఆ డీటీపీ అమ్మాయి జవాబు చెప్పలేదు. చేతులు వీపు వెనక కట్టుకుని నిలబడింది. లెక్కపెడుతోందని నాకర్థమైంది. ఆరు, ఏడు, ఎనిమిది. ఎవరూ కదలడం లేదు. నా నాలుక చివర జవాబు సిద్ధంగా ఉంది. పొట్లంలోంచి ఓ పునుగు తీసి నోట్లో వేసుకున్నాను.